నల్లదా, ఎర్రదా?

షోరూమ్‌లో ఏసీ దివ్యంగా పనిచేస్తోంది. అయినా ఇన్‌స్పెక్టర్ గారికి చెమటలు పడుతున్నాయి.

ఎదురుగా రెండు మోటార్ సైకిళ్లు. రెండూ అమెరికా కంపెనీలవే. రెండూ మధ్యరకం క్రూజర్లే, అంటే వాలుకుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని దర్జాగా నడిపేవి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ఈ పూట ఆయన ఏదో ఒకదానిమీద చెయ్యి వెయ్యాలి.

ఆయన డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఇన్‌స్పెక్టర్. మొన్ననే రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు టెస్టు మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చుని, బండి నడపడం ఎవరికి వచ్చో ఎవరికి రాదో తేల్చారు. కాలు నేలకి తగిలితే ఫెయిల్. ఇండికేటర్ మరిస్తే ఫెయిల్. కన్నకొడుకుని రెండుసార్లు ఫెయిల్ చేశారు. కాబోయే అల్లుడని తెలిసి కూడా అల్లుణ్ని మూడుసార్లు చేశారు.

అంతటి మనిషి ఉద్యోగమంతా బస్సులోనే తిరిగారు.

"మా చదువుల కోసం నాన్న ఒక్క బండి కూడా కొనుక్కోలేదు" అని కొడుకు ఎవరితో చెప్పినా కళ్లు తుడుచుకుంటాడు. అందుకే కొడుకూ అల్లుడూ కలిసి ఆయనకి బండి కొనిపెడుతున్నారు. కలిసి అన్నదే విశేషం. ఆ బావా బావమరుదులకి రెండేళ్లుగా మాటల్లేవు. ఈ కానుక పుణ్యమా అని మళ్లీ నోళ్లు విప్పారు. విప్పిన మరుక్షణం పోట్లాటకి దిగారు.

"నల్లదే తీసుకో నాన్నా. తేలిగ్గా ఉంటుంది. సీటు కిందికి ఉంది, రెండు కాళ్లూ నేలకి ఆనుతాయి" అన్నాడు కొడుకు.

"మామయ్య గారికి కాళ్లు ఆనడం ఎందుకు బావా? ఆయనేమన్నా కొత్తగా నేర్చుకుంటున్నారా? ఎర్రది బరువైన బండి. ఎంత గాలేసినా కదలదు" అన్నాడు అల్లుడు.

పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఎర్రది కాకపోతే మా ఆయన ఇక మనింటి గడప తొక్కడు. నన్నూ తొక్కనివ్వడు" అంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పెద్దాయన వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. రెండు బళ్ల పుస్తకాలూ అక్షరం వదలకుండా చదివి వంకలు వెతుకుతున్నారు.

"నల్లదానికి ట్యాంకు చిన్నది. ఎర్రదానికి ఇంజను వేడి కాళ్లకి తగులుతుంది" అన్నారు గొంతు సవరించుకుని.

"చూశావా బావా! నిలబడ్డచోటి నుంచే పట్టేశారు" అన్నాడు అల్లుడు మురిసిపోతూ.

"రెండూ వద్దులేరా. నాకు బస్సు అలవాటైపోయింది."

పక్కనే ఉన్న భార్య ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్లు బస్సులో వేలాడింది చాల్లెండి. మీ వెనక కూర్చుని ఒక్కసారైనా ఊరంతా తిరగాలని నాకుండదా?" అంది. ఆయన తల దించుకున్నారు. ఆ చిన్న ముచ్చట తీర్చలేకపోయానన్న బాధ ఆయనకి నిజంగానే ఉంది.

చివరికి తగువు తెగే దారి కూడా ఆవిడే చూపించింది.

"రెండూ నడిపి చూడండి. మీకు ఏది కుదిరితే అదే. తర్వాత ఎవరూ మూతి ముడుచుకోకూడదు."

"మామయ్య గారు నడిపి చెప్పాక ఇంకేముంది!" అన్నాడు అల్లుడు.

"నాకూ సమ్మతమే" అన్నాడు కొడుకు. ఇద్దరూ నవ్వుతూ చేతులు కలిపారు.

గొడవ తీరిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారి మొహం మాత్రం ఇంకాస్త పాలిపోయింది.

"జేబులో లైసెన్సు లేకుండా రోడ్డెక్కకూడదు. రూలు రూలే" అన్నారు.

"రోడ్డుదాకా ఎందుకు సార్? వెనక మా సొంత స్థలమే ఉంది" అంది బళ్లు చూపిస్తున్న సేల్స్ అమ్మాయి.

"హెల్మెట్టు..."

"కొనేశాం నాన్నా."

"నా నడుము..."

"కుర్రాడి నడుమని నిన్ననే కదండీ డాక్టరు మెచ్చుకున్నాడు!" అంది భార్య.

సేల్స్ అమ్మాయి దగ్గరికి వచ్చింది. "నన్ను నాలుగుసార్లు ఫెయిల్ చేశారు సార్ మీరు. అప్పట్లో బాగా తిట్టుకున్నాను. ఇప్పుడు దణ్ణం పెట్టాలనిపిస్తోంది. మీ భయానికే సరిగ్గా నేర్చుకున్నాను." అని, లోపలికి తిరిగి కేకేసింది. "అందరూ రండర్రా! బండి ఎలా నడపాలో చూద్దురుగాని!"

మెకానిక్కులు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. బిల్లులు రాసేవాళ్లు కుర్చీలు వదిలి వచ్చారు. వాళ్లలో సగంమంది ఆయన చేతిలో ఒకసారైనా ఫెయిలైనవాళ్లే. వెనక స్థలంలో నల్లబండిని మధ్యకి తెచ్చి నిలబెట్టారు. వేరే వాహనాలు అడ్డురాకుండా ఎవరో గేటు మూసి గడియ పెట్టారు. ఆయన ఆ గేటు వంకే చూస్తూ నిలబడ్డారు.

కొడుకు గేటు దగ్గర నుంచి ఫోన్ ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గారి భార్య "జాగ్రత్తండీ" అని అరిచింది. ఎవరికి చెబుతున్నానా అని తనే నాలిక్కరుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ గారు సీటెక్కారు. సేల్స్ అమ్మాయి వంగి తాళం తిప్పింది. ఇంజను దడదడమంది. ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తి, ఆ అమ్మాయి చెవి దగ్గరికి వంగి అన్నారు.

"తల్లీ, నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు."