ముప్పై లెక్కపెట్టేదాకా

"తొందరపడి వదిలేశారు బాబాయ్. ముప్పై దాకా లెక్కపెట్టాలి," అన్నాడు మెకానిక్.

పెద్దాయన ఓవెన్ నాబ్ మీంచి తీసిన వేలును ఓసారి చూసుకున్నాడు. ఓవెన్ అడుగున వెలిగిన, పెద్ద బర్నరును అంటించే చిన్న పైలట్ మంట అప్పటికే ఆరిపోయింది.

"పదిహేను చాలదా?"

"చాలదు. మంట పక్కన సన్నటి కడ్డీ ఉంది చూడండి. అది బాగా కాగితేనే గ్యాస్ ఆగకుండా వస్తుంది. కాగకముందే వదిలారనుకోండి, ఓవెన్ దానంతటదే గ్యాస్ కట్టేసుకుంటుంది."

"తెలివైనదే. దానికున్న పాటి బుద్ధి నాకు లేదని మీ పిన్ని ఉద్దేశం."

వంటగది గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య నవ్వలేదు. రేపు పొద్దున ఆమె ఆసుపత్రిలో చేరాలి. ఆపరేషను, పది రోజుల మకాం. సర్దిన సంచీ హాల్లో కుర్చీ మీద ఉంది. కింది వాటా వాళ్ళు ఆయనకు భోజనం పంపుతామన్నారు. కానీ వేడి చేసుకునే వంకతో ఆయన ఓవెన్ జోలికి పోకుండా ఉండడు. ఇంట్లో ఒక్కడే ఉండగలడా, లేక ఊరి చివర వృద్ధుల హోములో దింపి వెళ్ళాలా అన్నది ఈ పూటే తేలాలి.

"నా మాట ఎటూ చెవికెక్కదు. నువ్వు చెబితే వింటారని పిలిచాను నాయనా," అంది.

మెకానిక్ మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. సన్నటి తీగతో పైలట్ రంధ్రంలోని మసి తీసి చూపించాడు. మంట పసుపుగా ఉంటే మసి పట్టినట్టు. నీలంగా కడ్డీని చుట్టుకుంటే బాగున్నట్టు. ఆరిపోతే నాబ్ కట్టేసి, కిటికీ తెరిచి, ఐదు నిమిషాలు ఆగాలి. పెద్దాయన ప్రతి మాటకీ తల ఊపాడు.

"ఇప్పుడు మీ అంతట మీరే వెలిగించండి. నేను నోరు మెదపను."

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని నాబ్ తిప్పి నొక్కాడు. రెండో చేత్తో అగ్గిపెట్టె కోసం తడుముకున్నాడు. అది పక్కనే ఉంది, చేతికి తగల్లేదు. "ఒకటి, రెండు..." అంటూ లెక్క మొదలుపెట్టాడు. లోపల మంట లేదు. ముప్పై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు. గ్యాస్ సన్నగా బుసకొడుతూనే ఉంది. వాసన గుమ్మం దాకా వచ్చింది. ఆమె ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇంతలో అగ్గిపెట్టె కనబడింది. పెద్దాయన ముఖం విప్పారింది. పుల్ల బయటికి తీశాడు.

మెకానిక్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నాబ్ కట్టేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు.

"ఏమైంది? బాగానే చేస్తున్నాగా?"

"బాగానే చేశారు బాబాయ్."

మెకానిక్ గుమ్మం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె హాల్లోకి వెళ్ళి ఫోన్ అందుకుంది.

"ఆయన్ని పొద్దున్నే తీసుకొస్తాను. బట్టలు నాలుగు జతలు చాలా?" అని అడగడం వంటగదిలోకి వినబడింది.

మెకానిక్ గోడ దగ్గరి వాల్వు కట్టేసి ఓవెన్ గొట్టం విప్పాడు. వాల్వు మూతికి ఇత్తడి బిరడా బిగించాడు. దాని చుట్టూ సబ్బు నురగ రాసి, బుడగలు లేస్తున్నాయేమోనని వంగి చూశాడు. పెద్దాయన పక్కనే చతికిలబడి కన్నార్పకుండా ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.

"పని శుభ్రంగా చేస్తున్నావయ్యా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

మెకానిక్ స్పానరు తుడిచి పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. 

"మీ దగ్గరే మేస్త్రీ గారూ."