మాయమయ్యే అంకెలు

“చందనా! అంకెలు మళ్ళీ మాయమయ్యాయే!”

కింది వాటాలోంచి అమ్మణ్ణిగారి కేక వినబడగానే హరిచందన స్టవ్వు కట్టేసి, చున్నీ సర్దుకుంటూ బయటికొచ్చింది. రోజూ ఈ కేక కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. రెండేసి మెట్లు దిగేస్తుంది. ఇవాళ మాత్రం సగం మెట్ల మీదే ఆగిపోయింది. గేటు దగ్గర ఎవరో బండికి స్టాండు వేస్తున్నారు. తన భర్త ఉదయ్‌భాస్కర్ స్నేహితుడు, కంప్యూటర్లు బాగుచేసే లోకనాథ్.

“నమస్తే చెల్లెమ్మగారూ! ఉదయ్ పంపాడండి. ‘మా ఆవిడ రోజూ వంట మధ్యలో వదిలేసి కిందికి పరుగెడుతోంది, ఆ కంప్యూటర్ రోగమేంటో చూసి కుదర్చరా’ అన్నాడు.”

“అయ్యో, నేను చూసుకుంటానండి. మీకెందుకు శ్రమ...”

“శ్రమేముందండి, అరగంట పని. ఇక జన్మలో మీరు కిందికి దిగక్కర్లేదు.”

జన్మలో! చందన మిగిలిన మెట్లు ఒక్కొక్కటిగా దిగింది.

ఉదయ్‌భాస్కర్‌ది భీమవరంలో రొయ్యల మేత కంపెనీ ఉద్యోగం. చెరువుల వెంట తిరిగి తిరిగి అతను నరసాపురం చేరేసరికి వీధిదీపాలు వెలుగుతాయి. అతని బండి చప్పుడు సందు మలుపులో వినబడితే చాలు, చందనకి పండగే. కానీ అప్పటిదాకా పై వాటాలో ఆమెతో మాట్లాడేది కుక్కరొక్కటే. పగలంతటికీ వినబడే మనిషి గొంతు అమ్మణ్ణిగారిదే.

ఆవిడ ఆన్‌లైన్లో పిల్లలకి కీబోర్డు వాయించడం నేర్పుతారు. కంప్యూటర్లో పాఠాలు రాస్తారు. ఒకేసారి మోగే స్వరాలన్నీ ఒక గుత్తి. ప్రతి గుత్తి కిందా ఒక రోమన్ అంకె. ఆ గుత్తి పాటలో ఏ పని చేస్తోందో చెప్పేది ఆ అంకే. అది లేకపోతే పాఠమే లేదు. రోజూ మాయమయ్యేవి అవే.

చందన వచ్చి వాటిని రప్పిస్తుంది. కాఫీ తాగుతుంది. కబుర్లాడుతుంది. చివర్లో, అమ్మణ్ణిగారు గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్ళినప్పుడు, అంకెలన్నిటినీ ఎంచుకుని, ‘విజిబుల్’ అన్నచోట టిక్కు తీసేసి, ఏమీ ఎరగనట్టు లేచి వచ్చేస్తుంది. మర్నాడు కేక వినబడాలి కదా మరి!

ఆ టిక్కు దగ్గరికే ఇప్పుడు లోకనాథ్ వెళ్ళబోతున్నాడు.

“ఈయనెవరే?” అన్నారు అమ్మణ్ణిగారు, గుమ్మంలోనే.

“మావారు పంపారండి పిన్నిగారూ. కంప్యూటర్ చూడ్డానికి.”

“మీ ఆయనకి చెరువులు చాల్లేదా, నా కంప్యూటర్ మీద కూడా పడ్డాడు? నువ్వు చూస్తున్నావుగా, బయటివాళ్ళెందుకు?”

లోకనాథ్ అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఈ అంకెలేంటి మేడమ్, గడియారంలోవా?”

“ఒకటి అంటే ఇల్లు బాబూ,” అన్నారావిడ, ఇష్టం లేకుండానే. “అయిదు వినబడితే చెవి ఇంటికి పోదాం పోదాం అంటుంది. మళ్ళీ ఒకటి మోగాకే ప్రాణం కుదుటపడేది.”

“అయిదు తర్వాత ఆరొస్తేనో?”

“ఇంటికొచ్చేస్తున్నానని ఫోన్ చేసి, పక్క వీధిలో ఆగిపోవడం.”

“అచ్చం మావారే!” అని చందన పకపకా నవ్వేసింది. అమ్మణ్ణిగారు కూడా నవ్వారు. మరుక్షణమే చందనకి దిగులేసింది. రేపట్నుంచి ఇలాంటివి ఎవరు చెబుతారు?

“దొరికిందండి!” అన్నాడు లోకనాథ్. “సాఫ్ట్‌వేర్‌లో తప్పేం లేదు. అంకెలు ఫైల్లోనే ఉన్నాయి. ఎవరో కావాలనే కనపడకుండా చేశారు.”

లోకనాథ్ కుర్చీని అమ్మణ్ణిగారి వైపు తిప్పాడు.

“ఇంకెవరు మేడమ్, మీరే అయ్యుంటారు. తెలీక ఏదో నొక్కేసుంటారు. ఈ వయసులో మామూలేలెండి. ఎంత నొక్కినా పోకుండా నేను కట్టుదిట్టం చేసేస్తాను.”

ఇప్పుడు ఆవిడ ఇంతెత్తున లేస్తారనుకుంది చందన. ఎవరి మాటా పడే మనిషి కాదు. అలాంటిది, ముఖం ఎర్రబడి కూడా కిమ్మనలేదు. కీబోర్డు మీద కప్పిన లేసు గుడ్డ అంచుని వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నారు.

ఆ తల దించుకోవడం చందన చూడలేకపోయింది. నిజం చెబితే ఈ గుమ్మం తనకి మూసుకుపోతుంది. తెలుసు. అయినా నోరు ఆగలేదు.

“ఆవిడ కాదండి. నేనే.”

“మీరా?”

“రోజూ వెళ్ళేముందు నేనే దాచేస్తానండి. నిన్న మధ్యాహ్నం కూడా. లేకపోతే పిన్నిగారికి నన్ను పిలవాల్సిన పనేముంటుంది? పైన... పైన ఎవరూ ఉండరండి.”

లోకనాథ్ ఆమె వంకా, ఆవిడ వంకా చూసి, సంచీ జిప్పు లాక్కుంటూ కూర్చున్నాడు. చందన గోడ వైపు తిరిగి చున్నీతో కళ్ళు అద్దుకుంది. ‘బయటికి నడు’ అన్న మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

అమ్మణ్ణిగారు నెమ్మదిగా లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“నిన్న నువ్వు దాచినవి సాయంత్రమే నేనే రప్పించుకుని పాఠం చెప్పేసుకున్నానే, పిచ్చిపిల్లా. ఇవాళ నిన్ను కేకేసే ముందు దాచింది నేను.”