లావణ్య గారి డెలివరీ

“లావణ్య గారి ఇల్లేనా అండీ? డెలివరీ!”

వాకిట్లోంచి ఆ కేక వినగానే పాపాయమ్మకు ప్రాణం లేచొచ్చింది. పడవెక్కుతున్నానని నర్సమ్మ ఫోన్ చేసి గంట దాటింది. అంబులెన్సు ఏటవతలే ఆగిపోయింది. లోపల కూతురికి నొప్పులు నిమిషాల మీదికి వచ్చేశాయి.

ఆ ఇంట్లో డెలివరీ అన్న మాటకు తలో అర్థం. నాటకాలు వేసే భర్త చంద్రరావుకు అది డైలాగు చెప్పే తీరు. క్రికెట్ పిచ్చి ఉన్న కొడుకు సుకుమార్‌కు బౌలరు వేసే బంతి. పాపాయమ్మకు మాత్రం ఎప్పుడూ కాన్పే. మగాళ్లిద్దరూ పడవ కోసం అప్పటికే రేవుకు పరిగెత్తారు.

వాకిట్లో పాతికేళ్ల అమ్మాయి చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

“నీకిది అలవాటేనా తల్లీ?”

“భలేవారే! మూడేళ్ల నుంచీ ఈ లంకలన్నీ తిరుగుతున్నానండి. ఒక్క డెలివరీ కూడా తేడా రాలేదు.”

“పేరేంటమ్మా?”

“నాగశ్రీ అండి. ముందు మీరు...”

“మాటలు తర్వాత!” అంటూ పాపాయమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

మంచం మీద లావణ్యను చూసి నాగశ్రీ ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. మరుక్షణం చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, 108కి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

“పిన్నిగారూ, ఉతికిన గుడ్డలు తెండి. అక్కా, నాకూ ఇద్దరు పిల్లలు. భయమేం లేదు, నా వైపు చూడు.”

ఫోనులో చెప్పింది చెప్పినట్టు చేసింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ ధీమా చూసి లావణ్య ఏడుపు ఆపి పళ్లు బిగించింది.

పావుగంటలో ఆడపిల్ల కేరుమంది.

నాగశ్రీ పిల్లను మెత్తగా తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. “బొడ్డు ముట్టుకోవద్దన్నారండి. వాళ్లొచ్చి చూసుకుంటారు” అంది. రేవు వైపు నుంచి పడవ ఇంజను చప్పుడు దగ్గరవుతోంది.

పాపాయమ్మ బీరువాలోంచి కొత్త పట్టుచీర తెచ్చి ఆమె చేతిలో పెట్టబోయింది. కళ్లు ధారలు కట్టాయి.

“దేవతలా వచ్చావు తల్లీ. ఇది తీసుకో. ఇంకా ఏం కావాలో అడుగు, కాదనను.”

నాగశ్రీ మొహమాటంగా నవ్వింది.

“అక్క పేరున పార్సిల్ వచ్చిందండి, ఓటీపీ చెప్పండి.”