నిమ్మపసుపు కప్పు

వచ్చినాయన పసుపు కప్పు ఒకటి కొన్నాడు. మెట్లు దిగి, దాన్ని నేలకేసి కొట్టాడు.

పింగాణీ కొట్టావిడ ఒక్క ఉదుటున గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేం పనండీ! పొద్దున్నే మీకు నా కొట్టే దొరికిందా?"

"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయమ్మా?"

"నాలుగు డజన్లు. ఏం, అన్నీ పగలగొడతారా?"

"చేతిలో ఉన్న డబ్బుకి ఎన్నొస్తే అన్ని."

పెద్ద వయసు. ఉతికిన చొక్కా. కుడి చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర వాడిపోయిన కాడలా వేలాడుతోంది. తాగి ఎక్కడో పడుంటాడని ఆవిడ తేల్చేసింది. ఎవరినైనా ఒక్క చూపులో తూచేస్తానని ఆవిడకి మహా గొప్ప.

"నోటికి పెట్టుకునేవాటికి ఈ పూత పనికిరాదమ్మా. ఇందులో సీసం ఉంది."

"పక్క కొట్టువాళ్ళు పంపారా మిమ్మల్ని?"

"అన్నిటినీ అనడం లేదు. ఆ తెల్లవి తగరం ఆక్సైడు, ఆ నీలంవి కోబాల్టు. చక్కగా కాలాయి, నిశ్చింతగా అమ్ముకోండి. ఈ పసుపుతోనే చిక్కు. గోడ పలకలకి వెయ్యాల్సిన సీసం పూత కప్పులకి వేశారు. అదీ తక్కువ మంటలో కాల్చారు. పులుపు తగిలితే సీసం తాగేదాంట్లోకి దిగుతుంది."

"ఆ మెరుపు చూశారా? అద్దంలా లేదూ!"

"ఆ మెరుపంతా సీసమేనమ్మా."

ఆయన మళ్ళీ మెట్లెక్కి వచ్చి, జేబులోంచి నిమ్మచెక్క తీశాడు. ఎడమ చేత్తో ఇంకో పసుపు కప్పులోకి పిండి బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున కడిగి చూడండి. లోపల మెరుపు చచ్చిపోతుంది. పోకపోతే నన్ను తిట్టండి."

అంతలో లోపలి గదిలోంచి ఆవిడ కూతురు చిట్టి వచ్చింది. ఆరేళ్ళది. మూడు రోజులుగా బడికి పోవడం లేదు. దాని చేతిలోనూ పసుపు కప్పే, నిండా నారింజరసం.

పెద్దాయన మొహం పాలిపోయింది.

"పాపకి కడుపునొప్పి వస్తోందా?"

వస్తోంది. సరిగ్గా అందుకే ఆవిడకి ఒళ్ళు మండింది.

"నా పిల్ల జోలికి రాకండి! ముందు బయటికి నడవండి!"

ఆయన పిల్ల చేతిలోని కప్పు లాక్కోబోయాడు. వేలాడే చెయ్యి దాన్ని పట్టుకోలేకపోయింది. ఆవిడ ఆయన్ని తోసేసింది. మెట్టు తప్పి, తూలి, ఎలాగో నిలదొక్కుకున్నాడు.

"ఒక్క రాత్రి ఉంచి చూడండమ్మా!" అన్నాడు వీధిలోంచి.

ఆవిడ నిమ్మరసం పారబోసింది. కప్పు కడిగి, తుడిచి, మళ్ళీ అమ్మకానికి వరసలో పెట్టేసింది.

మూడు వారాలకి చిట్టి ఫిట్స్ వచ్చి పడిపోయింది.

"రక్తంలో సీసం ఉంది. దేంట్లో తాగుతుంది ఈ పిల్ల?" అడిగాడు డాక్టరు.

"మా కొట్లో పసుపు కప్పులో," అంది ఆవిడ.

"బతుకుతుంది, భయం లేదు. బుర్ర ఎంత దెబ్బతిందో మాత్రం ఇప్పుడే చెప్పలేం. మూడు వారాల ముందు ఆ కప్పు లాగేసుకున్నా సరిపోయేది."

లాగేసుకోబోయిన మనిషి ఒకడున్నాడు. తనే తోసేసింది.

కప్పులు తయారయ్యే బట్టీకి పరుగెత్తింది.

"కుడి చెయ్యి పడిపోయిన పెద్దాయన... మీకు తెలుసా? ఆయన కాళ్ళ మీద పడాలి."

బట్టీ మేస్త్రీ తల దించుకున్నాడు.

"ఆయన పోయి పది రోజులైందమ్మా. ఆ చెయ్యి పడిపోయిందీ సీసంతోనే. పూత మానెయ్యమని యజమాని గడ్డం పట్టుకు బతిమాలాడు, వినలేదు. మనవరాలు పోయాక ఇల్లమ్మేసి, ఆ డబ్బుతో ఈ కప్పులు కొని పగలగొడుతూ కొట్టు కొట్టూ తిరిగాడు."

"మనవరాలికి ఏమైంది?"

మేస్త్రీ చేతులకంటిన పూత తుడుచుకున్నాడు.

"ఆ పసుపు పూత కలిపింది ఆయనేనమ్మా, బట్టీలోంచి దిగిన మొదటి కప్పు ముచ్చటపడి ఆ పిల్లకే ఇచ్చుకున్నాడు."