నాలుగు గొంతులు, ఒక నల్లా

అశోక్ చౌక్ దగ్గర కార్పొరేటర్ యాదగిరి ఆఫీసు ముందు పెంటయ్య, అతని ముగ్గురు దోస్తులు పొద్దున్నే అరుపులు మొదలుపెట్టారు.

గల్లీ మొదట్లో ఉన్న వీధి నల్లా తీసేసి, అక్కడ స్వాగత ద్వారంలా పెద్ద కమాన్ కట్టించాలట. పక్క పేటకు కమాన్ ఉంది, మనకు లేకపోతే ఇజ్జత్ పోతుందట.

వచ్చింది నలుగురే. గోల మాత్రం నలభై మందిది. గల్లీలోని మరమగ్గాల చప్పుడు కూడా వాళ్ల ముందు దిగదుడుపే.

"యాదగిరన్నా, ఇది గల్లీ మొత్తం మాట," అన్నాడు పెంటయ్య.

1992 మున్సిపల్ ఎన్నికలు రెండు నెలల్లోకి వచ్చాయి. యాదగిరి గల్లీ ఓట్లు లెక్కేసుకున్నాడు. అందరికీ చాయ్ చెప్పాడు.

అప్పుడే ఒక నడివయసు ఆమె లోపలికి వచ్చింది. ఎవరో తెలియదు. చేతిలో సంచి చూసి, అప్పడాలు అమ్మే మనిషి అనుకున్నాడు.

"సాహెబ్, నల్లా తీయకుండ్రి. బీడీలు చుట్టే ఆడోళ్లు నీళ్లకు ఏడికి పోతరు?" అందామె.

"నీ ఎంట ఎందరొచ్చిన్రు బాయీ?"

"ఒక్కదాన్నే వచ్చిన. ఆళ్లకు పని ఇడిసి వచ్చే తీరిక యాడిది?"

యాదగిరి నవ్వాడు. నీళ్లు అంత అవసరమైతే ఎవరో ఒకరు వచ్చి అరిచేవారే కదా!

"ఈ నలుగురి గురించి గూడ ఒక మాట చెప్పాలె," అని ఆమె మొదలుపెట్టేసరికి పెంటయ్య జిందాబాద్ అందుకున్నాడు. ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. మూడోసారి తెరవకుండా వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి నల్లా పోయింది, కమాన్ లేచింది. ప్రారంభం నాడు పెంటయ్య వేసిన పూలదండ యాదగిరి మోకాళ్ల దాకా వేలాడింది.

ఆ కమాన్ కింది నుంచే ఆడవాళ్లు బిందెలతో రెండు గల్లీల అవతలికి నీళ్లకు పోయారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాడు యాదగిరి.

పోలింగ్ రోజు తెల్లారేసరికి ఆ ఆడవాళ్లే వచ్చి బడి ముందు వరస కట్టారు. వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఎవరూ అతని ముఖం చూడలేదు.

యాదగిరి పరుగున చౌక్‌లోని చాయ్ కొట్టుకు పోయి పెంటయ్య బృందాన్ని రిక్షాలో ఎక్కించుకొచ్చాడు.

ఓటర్ల జాబితాలో వాళ్ల పేర్లు లేవు.

ఇది తప్పుల లిస్టు అని యాదగిరి అధికారి మీదికి పోయాడు.

పెంటయ్య గొంతు మొదటిసారి సన్నబడింది. "మా ఇండ్లు ఈ వార్డుల లేవన్నా, హోట్గి రోడ్డు దిక్కున్నయి. మేం ఈడికి చాయ్ తాగనీకి వస్తం."

ఇంత సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరా, తనకు చెప్పలేదేమని వాపోయాడు యాదగిరి.

ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు రాసిన ఈ బడి పంతులమ్మకు తెలియకుండా ఉంటుందా, అడగండి అని అధికారి చూపిన వైపు తిరిగితే, ఆ రోజు తన ఆఫీసులో మాట పూర్తి చేయలేకపోయిన ఆమే బీడీల ఆడవాళ్ల మధ్య వరసలో నిలబడి ఉంది.