పదకొండో పాట

“ఈ పదకొండోది ఎవరి పాట?” జాబితా మీద వేలు పెట్టి అడిగాడు కంపెనీ మేనేజర్.

రికార్డింగ్ గదిలో బ్యాండు వాళ్ళంతా గాయని వైపు చూశారు.  ఆమె పాతదేననీ, కట్టిందెవరో తమకూ తెలియదనీ చెప్పింది.

“నేను వినని హిట్టా?”

“మీరు పుట్టకముందుది లెండి,” అన్నాడు డ్రమ్మర్, తలెత్తకుండా డ్రమ్ము మరలు బిగించుకుంటూ.

ఒప్పందం ప్రకారం ఆ ఆల్బమ్‌లో వాళ్ళ సొంత పాట ఒక్కటీ ఉండకూడదు. సొంత పాటలతో చేసిన రెండు ఆల్బమ్‌లూ గోడౌన్‌లో మూలుగుతున్నాయి. అందుకని ఈసారి జనం నోళ్ళలో నలిగిన పాత హిట్లు పన్నెండు ఏరుకుని, వాటినే పంక్ రాక్‌లో దంచి ఇమ్మన్నారు. మెల్లగా ఊగే ప్రేమపాటలన్నీ రెండేసి నిమిషాల కేకలైపోయాయి. ఆ కేకల మధ్య గాయని దొంగచాటుగా ఒక హిట్టు తీసేసి తమ్ముడి పాటను దూర్చింది.

తమ్ముడు ఆ బ్యాండులోనే గిటార్ వాయించేవాడు. పాటలు రాయడం మాత్రం మిగతావాళ్ళ పని. ఇన్నేళ్ళు వాయించీ నాదంటూ ఒక్క పాట లేదే అని నవ్వుతూనే బాధపడేవాడు. ఏడు నెలల కిందట ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. అతని ఫోన్‌లో దొరికింది ఈ పాట. మంచం మీద పడుకుని, గిటార్ లేకుండా, ఆయాసపడుతూ పాడుకున్నాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె వంటింట్లో నిలబడిపోయింది. మొత్తానికి రాశాడన్నమాట, అనుకుంది.

మేనేజర్ జాబితాను ఇంకోసారి కిందికీ పైకీ చూసి, సంతకం పెట్టేశాడు.

ఆల్బమ్ బయటికొచ్చింది. పాత పాటల అభిమానులు మొదటి రెండూ విని చెవులు మూసుకుని కట్టేశారు. పంక్ వినే కుర్రకారు ముసలి పాటలని మొహం తిప్పుకున్నారు. ఒప్పుకున్న కచేరీలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. డ్రమ్మర్ టైల్స్ కొట్లో పనికి కుదిరాడు. ఇక తన కోసం చూడొద్దని గాయనికి మొహం మీదే చెప్పి, డ్రమ్ములు కూడా తీసుకెళ్ళకుండా వెళ్ళిపోయాడు. పన్నెండు పాటల్లో పదకొండింటిని నిలువునా చంపేశారని ఒక పత్రిక రాసింది. ప్రాణాలతో బయటపడిన ఆ ఒక్కటీ పదకొండో పాట.

ఆ ఒక్క పాట కోసమే రేడియో వాళ్ళు మధ్యాహ్నం కార్యక్రమానికి పిలిచారు. పాట వేశారు. ఇంత మంచి పాత పాట ఎక్కడ పట్టారని అడిగాడు కార్యక్రమం నడిపే అతను. మేనేజర్‌కి చెప్పిన అబద్ధమే మళ్ళీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

“పాతది కాదండీ. మా తమ్ముడు రాశాడు. వాడి మొదటి పాట. చివరిది కూడా.”

బస్‌స్టాప్ దాకా వెళ్ళిందో లేదో, మేనేజర్ ఫోన్. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తింది. అతను తిట్టలేదు. ముందే చెప్పి ఉండాల్సిందన్నాడు. ఆల్బమ్ అట్ట మళ్ళీ అచ్చు వేయిస్తున్నామనీ, దాని మీద తమ్ముడి ఫోటో, కింద రచయితగా అతని పేరు ఉంటాయనీ, సాయంత్రంలోగా మంచి ఫోటో ఒకటి పంపమనీ అన్నాడు. ఆమె బల్ల మీద కూలబడింది. ఏడు నెలల్లో మొదటిసారి, పక్కన జనం ఉన్నారని కూడా చూడకుండా, కరువుతీరా ఏడ్చింది. బ్యాండు పోతే పోయింది. వాడి పేరు మిగులుతుంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ రేడియో కట్టేసి, దాని ముందే కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ చేసే రొద ఆవిడకు ఎన్నడూ పట్టేది కాదు. మాటలేవో, మోతలేవో తెలిసేది కాదనేది. ఇవాళ మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“వాడేం రాశాడో ఒక్క ముక్క అర్థం కాలేదే. ఆ అరుపులు లేకుండా ఒక్కసారి పాడవే.”

గాయని అమ్మ మోకాలికి ఆనుకుని, సగం గొంతుతో మెల్లగా ఎత్తుకుంది.

“కిటికీ మూయకు, వానొస్తే రానీ, తడిసిన గాలికి మన ఇల్లు తెలుసు...”

తల నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగింది. గాయని అది గమనించలేదు. ఫోన్‌లో ఉన్నవి రెండు చరణాలే. అక్కడికి తమ్ముడికి ఊపిరి అందలేదు. ఆమె కూడా అక్కడే ఆపింది.

అమ్మ ఆపలేదు. కళ్ళు మూసుకుని, ఒక్క మాటకూ తడుముకోకుండా మూడో చరణం అందుకుని చివరిదాకా పాడింది.

ఇది నీకెలా తెలుసని అడిగింది గాయని, అమ్మ మోకాలి మీంచి తలెత్తి.

“నువ్వప్పుడు హాస్టల్లో ఉండేదానివి, నీకు తెలీదు. వాడికి నిద్ర పట్టకపోతే ఇదే పాడేదాన్ని,” అంది అమ్మ. “నా చిన్నప్పుడు ఏ ఇంట్లో రేడియో పెట్టినా ఇదే పాట.”