వారం రోజులు ఆగిన దున్న

అమెరికా మైదానాల్లో అడవిదున్నల మంద ఎటు కదిలితే సూ తెగవాళ్ళు అటు డేరాలు ఎత్తేవాళ్ళు. ఆ తోలు డేరాలనీ, ఎండుమాంసాన్నీ రెండు వాసాలకి కట్టి ఈడ్చే పని వాళ్ళ కుక్కది.

ఒకరోజు కుక్క వెళ్ళి మందలోని ముసలి దున్నతో మొరపెట్టుకుంది.

"మామా, నీకు కాలు ఒకచోట నిలవదా? నువ్వు పచ్చిక వెతుక్కుంటూ పోతావు, ఇక్కడ నా నడుం విరుగుతోంది. ఒక్క వారం ఇక్కడే మెయ్యి."

"అంతేనా అల్లుడూ! నీకోసం ఆ మాత్రం ఆగలేనా?"

దున్న ఆగింది. దాన్ని చూసి మందంతా ఆగింది. వేటగాళ్ళకి పండగే పండగ. వారం తిరిగేసరికి మాంసం, తోళ్ళు కుప్పలు పడ్డాయి.

మిగిలిన మంద కదిలింది. వాసాల మీద బరువుకి కుక్క నాలుక బయటికొచ్చింది.

"ఇదంతా ఆ ముసలాడి వల్లే! కనబడనీ, కడిగిపారేస్తా!"

"నన్నేనా అల్లుడూ?" అంది మూటలో అన్నిటికంటే పైనున్న తోలు. "కోప్పడకు. ఇకమీదట నువ్వెక్కడ ఆగితే నేనూ అక్కడే ఆగుతా."